ఆరని దీపం వెనుక రెండు తప్పులు

ఒక ఎల్‌ఈడీ దీపం అర సెకను వెలగాలి, అర సెకను ఆరాలి. ప్రోగ్రాం మొత్తం ఇరవై బైట్లకు మించదు. మీట నొక్కగానే దీపం వెలిగింది, కానీ ఆరడం లేదు. ఏ వరుసలో తప్పుందో చెప్పే తెర లేదు, సందేశం లేదు. మన దేశంలోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ ప్రయోగశాలల్లో 8085 కిట్ మీద అసెంబ్లీ భాష నేర్చుకున్నవారికి ఇలాంటి పరిస్థితి కొత్త కాదు. ఆ కిట్‌లో సాధారణంగా ఉండేవి ఒక చిన్న కీప్యాడ్, ఆరు అంకెల డిస్‌ప్లే. నాలుగు అంకెలు మెమరీ చిరునామాకు, రెండు అక్కడున్న విలువకు.

అంతకు ముందువారితో పోలిస్తే ఇదీ నయమే. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800కు కీప్యాడ్ కూడా లేదు. ముందు పలకపై ఉన్న స్విచ్‌లను పైకీ కిందికీ కదుపుతూ ఒక్కో బైట్‌నూ ఎక్కించాలి, వెలిగే బల్బులను బట్టి సమాధానం చదువుకోవాలి. ఆ బల్బులు చిరునామాను, డేటాను చూపేవి కానీ ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను నేరుగా చూపేవి కావు. రిజిస్టర్‌లో ఏముందో తెలియాలంటే దాన్ని మెమరీలో రాసే ఆదేశాన్ని ప్రోగ్రాంలోనే చేర్చి, యంత్రాన్ని ఆపి, ఆ చోటు చూడాలి. ఈ యంత్రానికి బేసిక్ భాషను రాసిన బిల్ గేట్స్, పాల్ అలెన్‌ల దగ్గర అప్పటికి ఆల్టెయిరే లేదు. దాని 8080 ప్రాసెసర్‌లా నడిచే సిమ్యులేటర్‌ను అలెన్ పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్‌పై తయారు చేశాడు. ఒకరకంగా అది అదృష్టమే. సిమ్యులేటర్‌ను ఎక్కడైనా ఆపి లోపల చూడొచ్చు.

మళ్లీ దీపం సంగతికి వద్దాం. ప్రోగ్రాం ప్రతిసారీ ఎ రిజిస్టర్‌లోని 0ను 1గా, 1ని 0గా మార్చి దీపానికి పంపుతుంది. తర్వాత కొంతసేపు ఆగాలి. అందుకోసం బి, సి రిజిస్టర్ల జంటలో 65,535 పెట్టి, ఒక్కొక్కటి తగ్గిస్తూ సున్నా అయ్యేదాకా తిరుగుతుంది. తగ్గించే ఆదేశం ‘డీసీఎక్స్ బి’. సున్నా కాకపోతే వెనక్కి పంపేది ‘జేఎన్‌జెడ్’. చూడటానికి అంతా సవ్యమే.

అయితే ‘జేఎన్‌జెడ్’ బి, సిలను చూడదు. జీరో ఫ్లాగ్ అనే ఒక్క బిట్‌ను చూస్తుంది. ‘డీసీఎక్స్’ ఆ బిట్‌ను ముట్టుకోదు. దీపం వెలిగించినప్పుడు ఎ విలువ 1 కాబట్టి ఫ్లాగ్ ‘సున్నా కాదు’ అనే చెబుతోంది. ఇక లూప్‌కు అంతు లేదు.

కిట్‌లో ఒక్కో ఆదేశాన్నే నడిపించే సింగిల్ స్టెప్ సదుపాయం ఉంటే ఇది బయటపడుతుంది. 65,535 సార్లు మీట నొక్కే ఓపిక ఎవరికీ ఉండదు కనుక ముందుగా ఆ సంఖ్యను 3కు తగ్గించాలి. లెక్క 2, 1, 0 అయి, మళ్లీ 65,535కు వెళ్లిపోతుంటే ఫ్లాగ్ మాత్రం కదలదు.

దీనికి మందు అందరికీ తెలిసిందే. బిని ఎలోకి తెచ్చి సితో ‘ఓఆర్’ చేస్తే, రెండూ సున్నా అయినప్పుడే ఫ్లాగ్ మారుతుంది. 3 మెగాహెర్ట్జ్ వేగంతో ఒక చుట్టుకు 8 మైక్రోసెకన్లు, మొత్తం సుమారు అర సెకను. సరిదిద్ది నడిపితే దీపం మళ్లీ వెలిగే ఉంది!

చాలామంది ఇక్కడే మొదటి సవరణ తప్పనుకుని దాన్ని తీసేస్తారు. నిజానికి అది సరైనదే. లూప్ ఇప్పుడు ముగుస్తోంది, కానీ ముగిసేసరికి ఎలో 0 మిగులుతోంది. దాన్ని తిప్పితే ప్రతిసారీ 1. లక్షణం అదే, జబ్బు వేరు.

ఈ రెండింటినీ విడదీసేది బ్రేక్‌పాయింట్. లూప్ తర్వాతి ఆదేశం తీసి పక్కన దాచి, దాని స్థానంలో ‘ఆర్‌ఎస్‌టి’ అనే ఆదేశం పెడతారు. ప్రాసెసర్ అక్కడికి రాగానే తిరుగు చిరునామాను స్టాక్‌లో దాచి, మెమరీ మొదట్లోని ఒక స్థిర చిరునామాకు దూకుతుంది. అక్కడ కాచుకున్న ప్రోగ్రాం రిజిస్టర్లను భద్రపరచి చూపుతుంది, తీసిన ఆదేశాన్ని తిరిగి పెడుతుంది. మొదటి తప్పులో ప్రోగ్రాం అక్కడికి చేరనే చేరదు. రెండో తప్పులో చేరుతుంది, ఎలో 0 కనిపిస్తుంది. లూప్‌కు ముందు ఎను స్టాక్‌లో దాచి, తర్వాత తిరిగి తెచ్చుకుంటే దీపం ఆరుతుంది. స్టాక్ చిరునామా ముందే సరిగ్గా పెట్టుకోకపోతే మాత్రం ఆ దాచడమే ప్రోగ్రాం మీద రాసేయగలదు. అడ్డుకునే రక్షణ ఆ యంత్రాల్లో లేదు, కష్టపడి ఎక్కించిందంతా మళ్లీ ఎక్కించాలి.

‘ఆర్‌ఎస్‌టి’ ఒక్క బైటే కావడం ఇక్కడ కీలకం. మూడు బైట్ల జంప్ పెడితే పక్క ఆదేశాలు కూడా చెరిగిపోతాయి, మరో దారిన వచ్చిన ప్రోగ్రాం ఆ మధ్యలో దిగి తప్పిపోవచ్చు. సీపీ/ఎం వ్యవస్థలోని డీడీటీ అనే డీబగ్గర్ ‘ఆర్‌ఎస్‌టి 7’ను ఇందుకే వాడుకుంది. రామ్‌లో ఇది బాగా పనిచేస్తుంది. రామ్‌కు బదులు రాయడానికి వీల్లేని రోమ్‌లో ప్రోగ్రాం ఉంటే ఈ ఉపాయం సాగదు.

1978లో 8086ను తెచ్చినప్పుడు ఇంటెల్ ఈ పని కోసం ‘ఇంట్ 3’ అనే ఒక్క బైట్ ఆదేశాన్ని ప్రత్యేకంగా కేటాయించింది. ఆ కుటుంబానికి చెందిన నేటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోనూ డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే, సాధారణంగా మెమరీలో రాసేది ఆ బైట్‌నే.