రాజుగారి కారు ముద్దు, ఎర్ర బస్సు రద్దు

పాత కార్లకు ర్యాలీలు జరిపే దేశంలో, ఊరినంతా మోసిన బస్సుకు దక్కేది తుక్కు ధరే

లండన్ నుంచి దక్షిణాన సముద్రతీరంలోని బ్రైటన్‌కు 1962లో ఓ వింత ఊరేగింపు మొదలైంది. అందులో పాల్గొన్నవి కాలం చెల్లిన బస్సులు, లారీలు, ఫైరింజన్లు. దశాబ్దాలపాటు మే నెలలో అవి తీరం వెంబడి ఉన్న మడైరా డ్రైవ్‌లో బారులు తీరాయి. వాటి యజమానులు చాలామంది సొంత డబ్బుతో, సొంత చేతులతో వాటిని బాగుచేసుకున్న మామూలు మనుషులే.

సముద్రంతో బస్సుకున్న చుట్టరికం ముంబైకి కొత్త కాదు. అక్కడ తొలి బస్సు 1926 జూలై 15న అఫ్ఘాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్‌కు నడిచింది. 1937లో డబుల్ డెక్కర్ వచ్చింది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే చాలు, బస్సు టికెట్ ధరకే సముద్రపు గాలి, నగర దర్శనం. సినిమావాళ్లకూ, స్కూలు పిల్లలకూ ఒకేలా నచ్చిన చోటది.

1990ల తొలినాళ్లలో నగరంలో దాదాపు 900 డబుల్ డెక్కర్లు తిరిగేవి. కానీ ఒక్కో బస్సుకు ఇద్దరు కండక్టర్లు కావాలి. ఖర్చు బరువై సంఖ్య కరిగిపోయింది. 2023 సెప్టెంబర్ 15న అంధేరీలో చివరి డీజిల్ డబుల్ డెక్కర్ పూలదండలు వేసుకుని వీడ్కోలు తీసుకుంది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా తన చిన్ననాటి జ్ఞాపకం చోరీ అయిందని ముంబై పోలీసులకు సరదాగా ‘ఫిర్యాదు’ చేశారు. కొన్ని బస్సులనైనా ఆణిక్ డిపోలోని మ్యూజియంలో ఉంచమని అభిమానులు మొరపెట్టుకున్నారు.

కొత్త బస్సును తప్పుపట్టాల్సిన పనిలేదు. 2023 ఫిబ్రవరిలో రోడ్డెక్కిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్‌కు ఏసీ ఉంది, రెండు మెట్లదారులున్నాయి, పొగ లేదు. దాన్ని తయారుచేసింది అశోక్ లేలాండ్ అనుబంధ సంస్థ స్విచ్. అద్దాలు మూసి ఉంటాయి కాబట్టి సముద్రం కనిపిస్తుంది గానీ గాలి తగలదు. ఆ తేడా తెలియాలంటే పాతది కూడా పక్కన ఉండాలి.

చిక్కంతా అక్కడే. ప్రభుత్వ వాహనాలకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రద్దు చేసే నిబంధన 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రవాణా సంస్థల బస్సులూ దాని కిందికే వస్తాయి. మరోవైపు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకే ఆ హోదా ఇస్తాయి. పదిహేనేళ్లకే ఆయువు తీరే బస్సు యాభయ్యో పుట్టినరోజు చూసేదెలా?

కార్ల సంగతి వేరు. స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964లోనే వింటేజ్ కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. అలాంటి ర్యాలీల్లో మహారాజుల రోల్స్‌రాయిస్‌లు మెరుస్తాయి. వాటిలో ఎక్కినవాళ్లు పిడికెడు మంది. గుమాస్తాలు, మిల్లు కార్మికులు, కాలేజీ అమ్మాయిలు జీవితమంతా ఎక్కి దిగిన బండికి మాత్రం చరిత్రలో సీటు లేదు.

నిలబెట్టాలనుకుంటే నిలబెట్టొచ్చని తెలుగువారికి తెలుసు. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. నాటి ఆల్బియన్ బస్సు ఒకటి విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ప్రదర్శనకు నోచుకుంది. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. కావలసింది కాస్త చోటు, అప్పుడప్పుడూ రంగు.

దేశంలోని ప్రతి రవాణా సంస్థా తుక్కుకు పంపేముందు ఒక్కో రకం నుంచి ఒక్క బస్సును పక్కన పెడితే చాలు. ర్యాలీ సంగతి తర్వాత. ముందు ఊరేగడానికి బండి మిగలాలి కదా.