అక్షరాస్యత పెరిగిందంటే ఎవరు నేర్చుకున్నట్టు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో అక్షరాస్యత 44 శాతం, 2011లో 67. అంతమంది పెద్దలు పలక పట్టారనుకుంటే పొరపాటే. ఎక్కువగా జరిగింది వేరు: బడికెళ్లిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బడి ముఖం చూడని ముసలివాళ్లు కాలం చేశారు.

జనగణనలో అక్షరాస్యతకు ఏడేళ్లు నిండినవారినే లెక్కిస్తారు. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తే అక్షరాస్యులే. బడికి వెళ్లి ఉండాలన్న నియమం లేదు. కాబట్టి రెండో తరగతి పిల్లాడు, డెబ్బై ఏళ్ల తాత ఒకే శాతంలో కలిసిపోతారు.

వయసులవారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. 2011లో దేశంలో 15 ఏళ్లు, ఆపైబడిన మగవారిలో అక్షరాస్యులు సుమారు 79 శాతం, ఆడవారిలో 59. అదే 15–24 ఏళ్లవారినే చూస్తే 90, 82. ఇరవై పాయింట్ల అంతరం ఎనిమిదికి దిగింది. మరి మిగతా పన్నెండు? అవన్నీ పాత తరాల బాకీ. 2011లో అరవై ఏళ్లున్న స్త్రీ 1951 ప్రాంతంలో పుట్టింది. అప్పటికి దేశంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు.

మన లెక్కలో ఇంకో మెలిక ఉంది. 1991–2001 మధ్య 16 పాయింట్లు ఎగబాకిన ఉమ్మడి రాష్ట్రం, తర్వాతి పదేళ్లలో ఆరున్నరే పెరిగింది. దేశ సగటుకు 1991లో ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉన్నాం. 2001కి ఆ వెనకబాటు నాలుగుకు తగ్గి, 2011కి మళ్లీ ఆరైంది. బడి ఈడు దాటినవారికి బడి అక్కరకు రాదు, రాత్రిబడే దిక్కు. దాన్ని మనం నడిపినంతకాలం నడిపి, ఆపైన కాలానికి వదిలేశామనిపిస్తుంది.

రాత్రిబడికి సత్తా లేక కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో సారాకు వ్యతిరేకంగా రాసిన ‘సీతమ్మ కథ’ పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాలు ఆపించారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

2021 జనగణన జరగలేదు, వచ్చేది 2027లో. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా అందులో శాతం పెరిగే తీరుతుంది. 2011లో 35–44 ఏళ్ల వయసున్న స్త్రీలు అప్పటికి 51–60 ఏళ్లవారవుతారు. పెద్దవాళ్లు నిజంగా నేర్చుకున్నారో లేదో తేలాలంటే పక్కపక్కన పెట్టి చూడాల్సినవి ఆ స్త్రీల అక్షరాస్యతకు ఈ రెండు జనగణనల లెక్కలే.