మోకాలికీ తుంటికీ ముడి
ప్రాణహిత లోయ రాళ్లలో సరీసృపాల నడక

బల్లార్షా నుంచి గోండ్‌పిప్రి వెళ్లే దారిలో కోఠారి వస్తుంది. చంద్రపూర్ జిల్లా, చుట్టూ అడవి. ఈ వైపు ఉడుం రోడ్డు దాటుతుంటే అందరి చూపూ దాని నాలుక మీదే ఉంటుంది. ఒక్కసారి వెనక కాలు చూడండి. తొడ పక్కకు చాచి ఉంటుంది. మోకాలు బయటికి పొడుచుకొచ్చి, అక్కడి నుంచి పిక్క కిందికి దిగుతుంది. అడుగు పడాలంటే మోకాలు వంగితే చాలదు, కొంత మెలి కూడా తిరగాలి. మన పిక్కలోని సన్న ఎముక మోకాలి కీలుకు కాస్త దిగువనే ఆగిపోతుంది. ఉడుముకైతే పిక్క ఎముకలు రెండూ తొడ ఎముకను తాకుతాయి. చిన్న మోకాలి చిప్ప కూడా ఉంటుంది. మొసలికీ తాబేలుకీ ఆ చిప్పే లేదు.

మోకాలికీ బోడిగుండుకూ ముడి పెట్టొద్దంటారు. మోకాలికీ తుంటికీ మాత్రం పెట్టి తీరాలి. తొడ ఎముక తుంటిలో ఎటు తిరిగి కూర్చుంటే మోకాలి బతుకు అలా ఉంటుంది. కాలు పక్క నుంచి ఒంటి కిందికి మళ్లిన మలుపును చూపే ఎముకలు మన ప్రాణహిత లోయలోనే దొరికాయి.

కోఠారి పక్క నుంచి పోయే వార్ధా దిగువన వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ఆ ప్రాణహిత సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇదే లోయలో ఆసిఫాబాద్ వైపు మలేరి రాళ్ల వయసు దాదాపు 22 కోట్ల ఏళ్లు. అక్కడ దొరికిన రింకోసార్ అనే సరీసృపం ముక్కు చిలకది, ఒళ్లు పందిది అన్నట్టుంటుంది. దాని వెనక కాళ్లు పూర్తిగా పక్కకూ చాచి ఉండవు, పూర్తిగా ఒంటి కిందికీ రావు.

తర్వాతి పొర కోట రాళ్లది, దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటిది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ లోయలోని పోచంపల్లి దగ్గర తవ్వి, 1960, 61లలో రాక్షసబల్లుల ఎముకలను గుట్టలుగా తీశారు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, మనిషంత ఎత్తు! బెంగాలీలో ‘బొడో పా’ అంటే పెద్ద కాలు. ఆ మాటే పేరులో నిలిచింది. 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరూ చేరింది. 1975లో సోహన్‌లాల్ జైన్, కుట్టి, రాయ్ చౌధురి, శంకర్ చటర్జీ దాన్ని బరాపాసారస్ టాగొరై అని లోకానికి పరిచయం చేశారు.

ఈ జంతువు తొడ ఎముక తల లోపలికి మళ్లి తుంటి గుంటలో కూర్చుంది. దాంతో కాలు ఒంటి కిందికొచ్చింది, మోకాలు ముందుకు తిరిగింది. మెలి బాధ తగ్గి, తలుపు బందులా ముందుకూ వెనక్కూ ఆడడమే దాని పనైంది. బరువంతా స్తంభంలో దిగినట్టు నేరుగా నేలకు దిగింది. అంత బరువున్నా మోకాలి చిప్ప లేదు. ఎముకల చివర్లు గరుకుగా ఉన్నాయంటే, వాటి మీద మందపాటి మృదులాస్థి తొడుగు ఉండేదని అర్థం. శిలాజంలో ఆ తొడుగు మిగలదు, అందుకే రాతి ఎముకలు చూసి ఆ కీలును పూర్తిగా ఊహించలేం.

గుడ్డులోని పిండంలో మోకాలి కీలు ఏర్పడే తీరు నన్ను ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. మొదట తొడా పిక్కా ఒకే మెత్తటి కడ్డీ. కీలు రావాల్సిన చోట కణాలు విడివడి సందు చేస్తాయి. పిండం కదలాలి కూడా. కోడి పిండాన్ని కదలకుండా చేస్తే కీళ్లు అతుక్కుపోతాయని ప్రయోగాల్లో తేలింది.

పాములు ఈ మోకాలినే వదులుకున్నాయి. చంద్రపూర్ జిల్లా వరోరా తాలూకా పిస్దురాలో రాక్షసబల్లుల చివరి కాలపు పాము వెన్నుపూసలు దొరికాయి. 2011లో ఆ పాముకు మాడ్సోయియా పిస్దురెన్సిస్ అని పేరు పెట్టారు. నేటి కొండచిలువ పిండంలో ఇప్పటికీ తొడతోపాటు పిక్క ఎముకల తొలి ఆనవాళ్లు కనిపిస్తాయి. కాలు పెరగమని చెప్పే జన్యు సంకేతం బలహీనపడి త్వరగా ఆగిపోవడంతో పిక్క ఆనవాళ్లు మాయమవుతాయి. పెద్దయ్యాక మిగిలేది తొడ ఎముక ముక్క, చివర గోరు. పిండంలోని ఈ సంగతి 2016 పరిశోధనల్లో బయటపడింది.

యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లలను తీసుకెళ్తే వెనక కాలి దగ్గర కాసేపు నిలబెట్టండి. తొడ ఎటు తిరిగి ఉందో, మోకాలు ఎటు చూస్తోందో వాళ్లనే చెప్పమనండి. ప్రాణహిత ఒడ్డున ఎముకలా కనిపించే రాయి దొరికితే పగలగొట్టకండి, ఇంటికి పట్టుకెళ్లకండి. ఉన్న చోటే ఫొటో తీసి అటవీ శాఖకో తహసీల్దారుకో చెప్పండి.