క్రికెట్టు మైదానమున సామ్రాజ్య ప్రతిష్ఠ

1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహము దేశమంతట వ్యాపింపగా, ఆ శీతకాలమున భారతదేశమునకు రావలసియున్న ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు ప్రయాణమును మానుకొనెను. ఆట ఆగినచో దేశమందలి అలజడి లోకమునకు తెలియును గదా! ఆ లోటును పూరించినవాడు విజయనగరము పూసపాటి వంశజుడు, కాశీలో స్థిరపడి 'విజ్జీ'గా ప్రసిద్ధికెక్కిన మహారాజకుమార విజయానంద గజపతిరాజు. హాబ్స్, సట్‌క్లిఫ్ అను ఆంగ్లేయ దిగ్గజములను రప్పించి, జట్టు కూర్చి, భారత సింహళములందు ఆడించెను. కారాగారములు సత్యాగ్రహులతో నిండియుండగా మైదానములందు కరతాళధ్వనులు చెలరేగెను.

ఆయనకు ఆటపై గల మక్కువను శంకింప నక్కరలేదు. అది ఎవరికి ఉపకరించినదన్నదే ప్రశ్న. 1932 జనవరిలో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభుత్వము గాంధీజీని నిర్బంధించి కాంగ్రెసును నిషేధించెను. ఆ జూనులోనే లార్డ్స్ మైదానమున, నాగపూరు తెలుగు కుటుంబమున జన్మించిన సి.కె. నాయుడు నాయకుడుగా, భారత జట్టు తన తొలి టెస్టు ఆడెను. 1934లో రాష్ట్రముల పోటీకి ఆ విల్లింగ్డన్ పేరనే విజ్జీ బంగారు కప్పు నొసగ జూచెను. పాటియాలా మహారాజు రంజీ పేర మరియొక కప్పు నిచ్చెను. తుదకు నిలిచినది రంజీ పేరే.

ఇట్టి పోషణమునకు సర్కారు తన బొక్కసము తెరువ నక్కరలేదు. రాజులు, జమీందారులు ధనము వెచ్చింతురు. సర్కారు బిరుదము లిచ్చును. దూరమునుండి చూచువారికి దేశము సుఖముగ నున్నట్లు తోచును.

1936 వేసవిలో విజ్జీ నాయకత్వమున జట్టు ఇంగ్లండు వెళ్ళెను. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేర మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపివేసిరి. రెండు టెస్టులు ఓడిరి. ఆ పర్యటన సాగుచుండగనే విజ్జీకి 'సర్' బిరుదము లభించెను. అది ఆటకు వచ్చినది కాదని వేరుగ చెప్పనేల?

ఆ వేసవిలోనే బెర్లినులో హిట్లరు ప్రభుత్వము ఒలింపిక్ క్రీడలు జరిపెను. అతిథులు వచ్చునాటికి యూదులకు ప్రవేశము లేదను బోర్డులను వీధులనుండి తొలగించిరి. ఆంగ్ల ప్రభుత్వమును, నాజీలను ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. అయినను అతిథి కంటబడు భాగమును మాత్రమే అలంకరించు ఉపాయము రెండింటను ఉన్నది. ఆగస్టు 15న లండనులోని ఓవల్ మైదానమున మూడవ టెస్టు ఆరంభమైన నాడే, బెర్లినులో ధ్యాన్‌చంద్ నాయకత్వమున భారత హాకీ జట్టు జర్మనీని 8-1 గోలులతో ఓడించెను. హిట్లరు వేసిన వేదికపై హిట్లరు జట్టే ఓడుట ఆ అలంకారములో చేరని సంగతి.

అమరనాథ్ వ్యవహారమును విచారించిన బోమాంట్ సంఘము ఆయనను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వమును తప్పుపట్టెను. 1947లో స్వతంత్ర భారతపు తొలి జట్టును ఆస్ట్రేలియాకు నడిపించినవాడు ఆ అమరనాథే.