దేహమందలి ద్వారపాలకులు

మానవ దేహాన్ని తొమ్మిది వాకిళ్ల పురమని మన పెద్దలు వర్ణించారు. ఆ వాకిళ్లలో కొన్నింటికీ, బయటికి కనబడని మరికొన్ని లోపలి మార్గాలకూ ప్రకృతియే కావలి ఏర్పరచింది. మార్గం చుట్టూ కంకణంవలె అమరి, బిగిసినప్పుడు దారిని మూసి, సడలినప్పుడు దారినిచ్చే ఈ కండరాలకు సంవరణి కండరాలని పేరు. వైద్యులు వీటినే స్ఫింక్టర్లు అంటారు.

మనం తిన్న అన్నం వెంట నడిచి చూస్తే వీటి పని బోధపడుతుంది. మింగిన ముద్ద అన్నవాహిక చివరికి చేరేసరికి అక్కడి సంవరణి సడలి, దానిని జీర్ణాశయంలోనికి పంపి, తిరిగి మూసుకొంటుంది. ఆ మూత సరిగా పడనప్పుడు ఆమ్లం పైకి ఎగదన్ని గుండెల్లో మంట పుడుతుంది. భోజనమైన వెంటనే పడుకోక, రెండు మూడు గంటలు ఆగవలెననడానికి కారణమిదే. జీర్ణాశయం దిగువనున్న సంవరణి, మెత్తగా నలిగిన ఆహారాన్ని మాత్రమే కొద్దికొద్దిగా చిన్నప్రేగులోనికి విడుస్తుంది. పైత్యరసం ప్రేగులో పడే చోట మరొక చిన్న సంవరణి ఉన్నది. ఇటలీ దేశీయుడైన రుజ్జెరో ఒడ్డి విద్యార్థి దశలోనే, 1887లో, దానిని వివరించినందున అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. ఇవేవీ మన ఆజ్ఞకై వేచి ఉండవు.

మలమూత్ర ద్వారాల ఏర్పాటు వేరు. అక్కడ లోపలి కావలి మన ప్రమేయం లేకుండానే పనిచేస్తుంది. వెలుపలి కావలి మన ఇచ్ఛకు లోబడి ఉంటుంది. మూత్రాశయంలో సుమారు 150 నుండి 200 మిల్లీలీటర్లు చేరగానే నాడుల ద్వారా మెదడుకు తొలి సూచన అందుతుంది. తగిన చోటు దొరికేవరకు వెలుపలి కండరాన్ని బిగించి ఉంచగలుగుతాము. పసిబిడ్డలకు ఈ అదుపు సాధారణంగా రెండు మూడేళ్ల వయసులో అలవడుతుంది.

కాన్పుల తరువాత, వార్ధక్యంలో, పురుషులకు ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత ఈ కావలి బలహీనపడవచ్చు. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలుగా జారుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, యాత్రకు బయలుదేరినది మొదలు మంచినీళ్లు మానివేసే తల్లులు ఎందరో. అది మేలు చేయదు. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి మంట, మలబద్ధకం కలుగుతాయి. ఎండలో సొమ్మసిల్లే ప్రమాదమూ ఉన్నది. అట్లే గంటల తరబడి బిగబట్టడమూ తగదు. ఆపరాని వేగాలు పదమూడని చెప్పిన చరక సంహిత, మలమూత్రాలను వాటిలో చేర్చింది. వరుసలో నిలబడేముందు ఒకసారి వెళ్లివచ్చి, మార్గమధ్యంలో కొద్దికొద్దిగా నీరు త్రాగుతూ ఉండడం ఉత్తమం.

బలహీనపడిన కండరాన్ని సాధనతో బలపరచవచ్చు. ఈ వ్యాయామాన్ని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోనికి తెచ్చాడు. కూర్చుని గాని పడుకుని గాని, మూత్రధారను ఆపుతున్నట్లుగా కండరాలను బిగించి, ఐదు లెక్కించి, అంతసేపు సడలించవలెను. ఊపిరి బిగబట్టరాదు. పదేసి మార్లు రోజుకు మూడు పూటలు చేస్తే మూడు నెలలలో చాలామందికి గుణం కనబడుతుంది. మూత్రవిసర్జన చేస్తూ మాత్రం దీనిని సాధన చేయరాదు.

హఠాత్తుగా అదుపు తప్పినా, కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం బొత్తిగా ఆగిపోయినా, రక్తం కనబడినా ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. కంటిచూపు మందగిస్తే సిగ్గుపడము గదా! ఇదీ అట్టిదే. ఇంటిలోని పెద్దలను ఈ విషయం మెల్లగా అడిగి తెలుసుకొనడం పిల్లల ధర్మం.