మొదటి సప్లీ చెప్పే కబురు

మైలవరంలోని లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కళాశాలలోనైనా, రాష్ట్రంలో మరెక్కడైనా ఇంటర్ ముగించి బీటెక్‌లో చేరే పిల్లల్లో ఎక్కువమంది దాటొచ్చే గడప ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, తప్పు పెట్టినా మార్కు కోత లేదు. రెండేళ్లపాటు బుర్ర ఆ వేగానికే అలవాటు పడుతుంది. మొదటి సెమిస్టర్ పరీక్ష మాత్రం ప్రతి మెట్టూ రాసి చూపించమంటుంది. షార్ట్‌కట్‌తో జవాబు పట్టేసిన పిల్లలు అక్కడిదాకా వెళ్లే దారి రాయలేక తడబడతారు. ఇంటర్ పబ్లిక్ పరీక్షలోనూ రాశారుగా అనొచ్చు. రాశారు, కానీ ముఖ్యమైన ప్రశ్నలు ఏరి, స్టడీ అవర్లో కూర్చోబెట్టి వల్లె వేయించే మనిషి అప్పుడు పక్కనే ఉన్నాడు. ఆ మనిషి లేని మొదటి పరీక్షలో సబ్జెక్టు పోయి సప్లీ పడితే, తెలివి లేదని తేల్చేయడం తొందరపాటు. చాలాసార్లు అది చదివే తీరు ఇంకా మారలేదన్న కబురు.

ఆ కబురును ఎలా అందిస్తామన్నదే అసలు సంగతి. 1982లో అమెరికాలో పరిశోధకులు తిమోతీ విల్సన్, పెట్రీషియా లిన్‌విల్ మార్కుల దిగులుతో ఉన్న మొదటి ఏడాది విద్యార్థుల్లో కొందరికి సీనియర్ల వీడియోలు చూపించారు. మొదట్లో ఇలాగే ఉంటుంది, తర్వాత కుదురుకుంటుందన్నది వాటి సారం. రెండో ఏడాది ముగిసేసరికి ఆ మాట విన్నవాళ్లలో చదువు మానేసింది 5 శాతం, విననివాళ్లలో 25 శాతం. కొద్దిమందితో చేసిన ప్రయోగం, దాన్నే వేదమనుకోనక్కర్లేదు. ధైర్యం చెబితే మార్కులు రాలతాయా అన్న ఎదురుప్రశ్నా సబబే. రాలవు. చదివే తీరూ మారాలి. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకు వారం తర్వాత గుర్తున్నది 42 శాతం, చదివాక చూడకుండా రాసుకున్నవాళ్లకు 56 శాతం. అయితే అయిదు నిమిషాలకే అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. పరీక్ష ముందు రాత్రి అంతా వచ్చేసినట్టే అనిపించడంలో ఉన్న మోసం ఇదే.

సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. మంచిదే, కాకపోతే ఆ సందడి సద్దుమణిగాకే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఇంత చేయి పట్టి నడిపిస్తే పిల్లలు సోమరులవుతారని కొందరు అధ్యాపకుల బెంగ. పరీక్షను తేలిక చేస్తే ఆ ప్రమాదం ఉంది, తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తే లేదు. అధ్యాపకులారా, సెమిస్టర్ ఫలితాల దాకా ఆగకుండా, మధ్యలో జరిగే మొదటి మిడ్ పరీక్ష పేపరు దిద్ది ఇచ్చిన రోజే ఒక గంట కేటాయించి, పోయిన లెక్కను విద్యార్థి చేతే మళ్లీ రాయించండి. తల్లిదండ్రులారా, మీరు కూడా ఎన్ని మార్కులొచ్చాయని కాకుండా ఏ లెక్క దగ్గర ఆగిపోయావని అడగండి.