బోరు పడలేదు... భక్తి పోలేదు

"దేవుడు లేడని నేను అనుకోలేదు పాపా. బోరు లారీ ఎనకాల వచ్చేది దేవుడు కాదని మాత్రం తెలుసుకున్నా."

సింహాద్రిపురం దగ్గరి ఒక పల్లెలో, మాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ అన్న మాట ఇది. ఆవిడ చదువు అయిదో తరగతితోనే ఆగిపోయింది. పులివెందుల ప్రాంతమంటే చీనీ తోటలకు పేరు. వాళ్ళకూ మూడెకరాల తోట ఉండేది. 2002 కరువులో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. కాపుకొచ్చిన చెట్లు కళ్ళముందే వాడిపోతుంటే ఏ రైతు ఊరుకుంటాడు? టెంకాయతో నీళ్ళ జాడ చెప్పే మనిషిని పిలిపించారు. అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోట పసుపు కుంకుమ పెట్టి, పూజ చేసి బోరు వేశారు. నాలుగు వందల అడుగులు పోయినా దుమ్మే. రెండోది ఈశాన్యం మూల వేశారు. అదీ దుమ్మే. మూడోదాని కోసం పెద్దమ్మ గాజులు, గొలుసు తాకట్టుకు వెళ్ళాయి. అదీ పడలేదు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. పాత మొక్కు ఏదో తీర్చలేదు కాబట్టే గంగమ్మ కరుణించలేదన్నారు అత్తగారు. మొక్కు తీర్చి, నాలుగో బోరు వేద్దామన్నారు. ఇక మిగిలింది మెడలోని పుస్తెల బంగారమే.

"ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క చేనోళ్ళకు బోరు పడింది. వాళ్ళేమన్నా నాకంటే ఎక్కువ మొక్కినారా? మా చేనికి నీళ్ళు రాలేదంటే దేవునికి నా మీద కోపమొచ్చినట్టేనా? నేనేం తప్పు జేసినా?" తెల్లారేసరికి ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. సర్వే చేయించనిదే పుస్తెలు ఇవ్వనని చెప్పేసింది.

సర్వే చేసినాయన నీళ్ళు పడే అవకాశం చాలా తక్కువన్నాడు. నాలుగో బోరు ఆగిపోయింది. తోట ఎండింది. చీనీ చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. రెండు గేదెలు కొని, వాన పడినప్పుడే శనక్కాయ వేసుకుంటూ పదేళ్ళలో అప్పు తీర్చారు.

నేల లెక్క వేరు

ఇందులో దేవుడి కోపం ఎక్కడా లేదు. రాతినేలలో నీళ్ళు చెరువులా ఒకచోట నిలిచి ఉండవు. రాతి పగుళ్ళలో, సందుల్లో దాక్కుని ఉంటాయి. బోరు ఆ పగులుకు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. అందుకే గట్టుకు ఇవతల పడిన బోరు అవతల పడదు. సర్వే చేసేవాళ్ళు నేలలో కడ్డీలు పాతి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. తడి ఉన్నచోట సాధారణంగా అడ్డు తగ్గుతుంది. ఇదీ నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ కాదు. కానీ ఊహ కంటే మేలు. పుల్లలతో నీళ్ళ జాడ చెబుతామనే వాళ్ళను 1990లో జర్మనీలోని కాసెల్‌లో పరీక్షించారు. భూమిలో పాతిన గొట్టంలో నీళ్ళు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే వాళ్ళు మెరుగ్గా ఏమీ చెప్పలేకపోయారు.

మరి ఇలా ఉన్నదున్నట్టు చూడడం మొదలుపెడితే భక్తి తగ్గిపోదా? చాలామంది అత్తగార్ల భయం, కొంతమంది కోడళ్ళ అనుమానం కూడా ఇదే.

ఇద్దరు తెలుగింటి ఆడవాళ్ళు

తగ్గవచ్చు. పూర్తిగా పోనూవచ్చు. సరస్వతీ గోరా సంగతే చూడండి. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం చూడకూడదంటే, చూస్తే ఏమవుతుందో తేల్చుకుందామని బయటికొచ్చి నిలబడిన మనిషి ఆవిడ. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో భర్త గోరాతో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుణ్ణి వదిలారు గానీ మనుషుల్ని వదల్లేదు. అంటరానితనం మీద, మూఢనమ్మకాల మీద 2006లో కన్నుమూసేదాకా పనిచేశారు.

ఇంకో వైపు తరిగొండ వెంగమాంబ. 18వ శతాబ్దంలో మన పొరుగు చిత్తూరు సీమలో పుట్టి, చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుంది. వితంతువుకు శిరోముండనం చేయాలని పెద్దలు పట్టుబడితే ఒప్పుకోలేదని చెబుతారు. ఆచారం మాట వినలేదు కాబట్టి భక్తి పోయిందా? తిరుమల చేరి, వెంకటేశ్వరస్వామి మీద కావ్యాలు రాసి, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టింది. ఇప్పుడు తిరుమలలో వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు.

ఇద్దరూ చెప్పిందల్లా నమ్మినవాళ్ళు కాదు. ఒకరు నాస్తికురాలయ్యారు, ఒకరు మహాభక్తురాలయ్యారు. అంటే ఆలోచించడం వల్ల భక్తి పోతుందనీ చెప్పలేం, పెరుగుతుందనీ చెప్పలేం. పోయేది మాత్రం ఒకటుంది. అది భయం. "ఇది చేయకపోతే ఏదో అయిపోతుంది" అనే భయం. దాంతోపాటు "నువ్విది ఇస్తే నేనది ఇస్తా" అనే బేరం కూడా పోతుంది. ఆ రెండే భక్తి అనుకున్నవాళ్ళకు అవి పోయాక ఏమీ మిగలదు. వేరే ఏదైనా ఉంటే అది గట్టిపడుతుంది. వేమన పద్యాలు చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం కదా! పైపై పూజలను అంతగా వెక్కిరించినాయన లోపలి శివుణ్ణి మాత్రం వదిలిపెట్టలేదు.

ముందు ఆసుపత్రి

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్ళే. మొక్కుబడి ఖర్చుకు కుదువ పెట్టేది మన నగలే. బిడ్డకు జబ్బు చేస్తే "ఏ మొక్కు మరిచావు?" అని నిలదీసేది తల్లినే. శనక్కాయ చేలో పాము కరిస్తే మంత్రం వేయించేలోగా విషం ఎక్కిపోతుంది. విరుగుడు ఇంజక్షన్ ఉండేది ఆసుపత్రిలో. ముందు అక్కడికి పరుగెత్తండి. దారిలో ఎంత దండం పెట్టుకున్నా తప్పులేదు. మనిషి దక్కాక గుడికి వెళ్ళొచ్చు, దర్గాకు వెళ్ళొచ్చు, చర్చికి వెళ్ళొచ్చు. దేవుడు కాచుకుని ఉంటాడు. విషం ఉండదు.

మళ్ళీ పెద్దమ్మ దగ్గరికొద్దాం. ఆ మూడు బోర్ల తర్వాత పెదనాన్న గుడి మెట్టెక్కలేదు. పెద్దమ్మ రమ్మని పోరలేదు. ఆవిడ మాత్రం శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దగ్గరికి తప్పకుండా పోతుంది. "ఏం మొక్కుతావు?" అని అడిగాను.

"మునుపు నీళ్ళియ్యి సామీ అని అడుగుతాంటి. ఇప్పుడేమీ అడగను. ఆ కరువులో బతికినాం కదా, ఆ మాట జెప్పి వస్తా."

ఆ తర్వాతి ఏళ్ళలో గండికోట నుంచి చిత్రావతి రిజర్వాయరుకు కృష్ణా నీళ్ళు ఎత్తిపోశారు. ఆ నీళ్ళు చూడ్డానికి బంధువులంతా పార్నపల్లెకు పోయినప్పుడు పెద్దమ్మ ఒడ్డున కూర్చుని, నీళ్ళలో పసుపు కుంకుమ వేసి కళ్ళకద్దుకుంది. పెదనాన్న నవ్వాడు, "ఈ నీళ్ళు తెచ్చింది మోటార్లే" అని.

"నాకు తెలీదా?" అంది పెద్దమ్మ, ఇంకో దోసెడు తీసుకుంటూ. "మోటార్లే తెచ్చినాయి. అయినా మొక్కాలనిపించింది, మొక్కినా."